దారిబత్తెం

నర్సాపురంలో మా లేబొరేటరీకి కిటికీలు రెండు.
ఒకటి వశిష్ఠ వైపు, ఒకటి ఐస్ ఫ్యాక్టరీ వైపు.
మాణిక్యంగారికి రెండోదే ముఖ్యం.
"మంచు లేకపోతే మైటోకాండ్రియా లేదు దాసూ."

ఆ పేరుకి నా నోరు తిరగడానికి ఏడాది పట్టింది.
అప్పటిదాకా "పొయ్యి" అనేవాణ్ణి.
ఆవిడ సరిదిద్దలేదు.
ఒకసారి నోట్‌బుక్ మార్జిన్లో తనే రాసుకున్నారు,
పెన్సిల్‌తో: పొయ్యి.

కండలో కణకణానికీ వందల పొయ్యిలట.
కొవ్వు కొమ్మని రెండేసి కణుపులుగా విరిచి,
పొగ రాకుండా, మంట కనపడకుండా
ఊపిరితో మండించి
చేపని ఏటికి ఎదురు తోసేవట.

మా పాలెంలో కొవ్వంటే తిట్టు.
"కొవ్వెక్కిందిరా నీకు" అని మా నాన్న తెడ్డెత్తేవాడు.
ఆవిడన్నారు:
సముద్రంలో తిని, అంతర్వేది దగ్గర నోరు కట్టేసుకుని
ఎర్రనీళ్ళలో పైకెక్కే పులసకి
అది పొగరు కాదు దాసూ,
ఒంటికి కట్టుకున్న దారిబత్తెం.

చేపలకి బిల్లు పెడితే ఆడిటర్ కళ్ళజోడు తీశాడు.
"పరిశోధనా, పులుసా?"
మాది రెండు గ్రాముల ఎర్రకండ,
మిగతా చేపంతా ఫార్మలిన్ సీసాది.
ఆ సీసాలు చూసొచ్చిన రోజు
మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఏడేళ్ళు పెన్ను కదల్లేదు.
కదిలేది, ఎలక కాలేయం వేస్తే.
గళ్ళకాగితం మీద గీత కిందికి దిగేది,
లోపల ఆక్సిజన్ తాగుతున్న గుర్తుగా.
పులసకి మాత్రం అడ్డంగా పడుకునేది
వేసవిలో కట్టేసిన పంటకాలవలా.
ఉప్పు మార్చారు, బఫర్ మార్చారు,
తిరిగొచ్చిన పేపర్ని సొరుగులో పెట్టి తాళం వేశారు.
కరెంటు పోయి సెంట్రిఫ్యూజ్ మూలుగుతూ ఆగిన రాత్రి
దీపం కూడా వెలిగించనివ్వలేదు.

ఆ చీకట్లోనే అన్నాను, భయంభయంగా:
"అమ్మా, బజారుకొచ్చే చేప వల్లో చచ్చి మూడు గంటలవుద్దండి.
చచ్చినదాని ఊపిరి పెన్నుకేం తెలుస్తుందండి?"

చాలాసేపటికి గొంతు వినపడింది.
"ఏడేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"
"మీరడగలేదండి."

ఆ ఆగస్టులో మా బావ నూకరాజు పడవ ఎక్కాం.
కారు బ్యాటరీ, ఐసుపెట్టె, గాజు రోకలి.
సిద్ధాంతం వంతెన కింద
చేప ఇంకా తోక కొడుతుండగానే కత్తెర పట్టారు.
వణికింది పడవో, ఆవిడ చెయ్యో.
పెన్ను కదిలింది.
లస్కరు తూము ఎత్తినట్టు
గీత దిగింది, దిగింది, కాగితం అంచు దాకా.
"ఏవైందండి?" అన్నాడు నూకరాజు.
"ఊపిరి పీలుస్తోందయ్యా" అన్నారు
చచ్చిన చేపని ఒళ్ళో పెట్టుకుని.

ఆ తర్వాత పద్దెనిమిది వరదకాలాలు.
నాలుగు పేపర్లు అచ్చయ్యాయని మా పిల్ల చెప్పింది.
ఆవిడ రిటైరయ్యారు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు,
పడవ ఎక్కలేరు.
మిషన్ని పాత ఇనుం వాడు కాటా వేసుకుపోయాడు,
కాగితం చుట్టలు మాత్రం నేనడిగి తెచ్చుకున్నాను.

వాన పడుతోంటే నిన్న ఒకటి విప్పాను.
ధవళేశ్వరం, ఆనకట్ట దిగువన.
ఆ చేపలో బత్తెం సగం అలాగే ఉందట,
ఇంకా చాలా దూరం పోవాలని దాచుకున్నట్టు.
ఇది పేపర్లో రాయండమ్మా అన్నాను అప్పట్లో.
"సగం ఉందన్నది లెక్క. దాచుకుందన్నది మన ఊహ దాసూ,
ఊహలు అచ్చెయ్యరు."

అచ్చెయ్యలేదు గానీ, గీత పక్కన
పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో ఉంది:
ఎక్కడికని?

దాని కింద నా చేతిరాత.
మంచు, రెండు దిమ్మలు, పద్దెనిమిది రూపాయలు.